పరిగణిత ఆకాశం

సాగరవరం నుంచి ఢిల్లీకి విమానంలో రెండున్నర గంటలు పడుతుంది. ఢిల్లీ నుంచి సాగరవరానికి రెండు గంటలే పడుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే నడుస్తోంది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆ అరగంట తేడా శాసనసభ్యుడు సీపాన దాలినాయుడి కంట పడేదాకా లేదు.

ఆ రోజు దాలినాయుడు ఢిల్లీలో ఎవరికో శాలువా కప్పి తిరిగొస్తున్నాడు. వెళ్లేటప్పుడు ఉప్మా తిని, కునుకు తీసి, లేచి, కాఫీ తాగి, మళ్లీ ఆవలించేదాకా ఢిల్లీ రాలేదు. వచ్చేటప్పుడు కునుకు చిక్కబడే లోపే ఊరొచ్చేసింది. నిద్ర చెడిన నాయకుడికి కలిగే అనుమానాలు దేశానికి ఎప్పుడూ మంచివి కావు.

విమానాశ్రయంలో పూలగుత్తి పట్టుకుని యాళ్ల త్రినాథరావు నిలబడి ఉన్నాడు. రాష్ట్ర గగన రవాణా సంస్థలో సమయపాలన విభాగానికి ఆయన ఉపసంచాలకుడు. సంస్థకు ఉన్నది ఒకే ఒక విమానం. దాని సమయాన్ని పాలించడానికి మాత్రం ఒక విభాగం, ఆ విభాగానికి మూడంతస్తుల మేడ, మేడకు లిఫ్టు ఉన్నాయి. లిఫ్టు పనిచెయ్యదు.

దాలినాయుడు పూలగుత్తి అందుకుని వెనకనున్న గన్‌మన్‌కి ఇచ్చేసి అడిగాడు.

"ఏటి తిరనాదరావూ, ఎల్లినపుడు ఎంతసేపు పట్టింది?"

"రెండున్నర గంటలండి."

"వచ్చినపుడో?"

"రెండు గంటలండి."

"దూరం ఒకటే కదా?"

"ఒకటేనండి."

"ఇమానం?"

"సంస్థకున్నదే ఒకటండి."

"మరి అరగంట ఎవడు తినేసినాడు?"

త్రినాథరావుకి జవాబు తెలుసు. తెలిసిన జవాబు చెప్పడం ఆయనకి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉన్న అలవాటు. పొరపాటున అది పైకొచ్చింది.

"గాలండి. పైన పడమటి నుంచి తూర్పుకి పెద్ద గాలి వీస్తుందండి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వాలుగాలి. ప్రపంచంలో ఎక్కడైనా ఇంతేనండి."

దాలినాయుడు ఆగిపోయాడు. వెనక వస్తున్న అనుచరులు ఒకరినొకరు గుద్దుకుని ఆగారు.

"అంటే గాలి కూడా ఆళ్ల పక్షమే అన్నమాట. ఢిల్లీవోడు మన నెత్తిమీదికి రెండు గంటల్లో వాలిపోతాడు. మనం ఆడి గుమ్మం తొక్కాలంటే రెండున్నర గంటలు గాలితోటి కుస్తీ పట్టాల. ఇది నీకు న్యాయంగా ఉన్నాదా?"

వెళ్లే మనిషే కదండీ తిరిగొచ్చేది, పోయిన అరగంట అక్కడే తీరిపోతుంది కదండీ అనబోయాడు త్రినాథరావు. కానీ సంచాలకుడి కుర్చీ ఆరు నెలలుగా ఖాళీగా ఉంది. ఆ కుర్చీ తాలూకు సిఫార్సు దాలినాయుడి సంతకం కోసం చూస్తోంది.

"మీ పరిశీలన చాలా లోతైనదండి," అన్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే ఆయన భార్య పైడితల్లి పప్పు గరిటె అక్కడే ఆపింది.

"గాలని మీకు తెలుసు కదేటి? మరెందుకు గట్టిగా సెప్పలేదు?"

"గాలికి ఓటు లేదే. నాయుడుగారికి ఉంది," అన్నాడు త్రినాథరావు.

*

వారం తిరిగేసరికి గోడలన్నీ నీలం రంగు అక్షరాలతో నిండిపోయాయి. 'సమాన దూరానికి సమాన సమయం!' అరగంట సాధన సమితి ఏర్పడింది. కలెక్టరు కార్యాలయం ముందు నిరాహార దీక్షలు మొదలయ్యాయి. దీక్ష ఒక్కొక్కరు అరగంట. టిఫినుకీ భోజనానికీ మధ్య వీలుగా ఉందని ఊళ్లో పెద్దమనుషులందరూ కూర్చున్నారు. కళాశాల విద్యార్థులు గాలి దిష్టిబొమ్మను తగలబెట్టారు. గాలి ఎలా ఉంటుందో తెలియక దిష్టిబొమ్మకు సైన్సు లెక్చరరు ముఖం పెట్టారు. ఆయన అంతకు ముందురోజే ఒక సభలో వాతావరణం గురించి వివరించబోయి, ద్రోహి అనిపించుకుని, సగంలో దిగిపోయాడు.

ప్రభుత్వం వెంటనే స్పందించింది. విశ్రాంత ముఖ్య కార్యదర్శి కొడవటికల్లు పద్మనాభంగారితో ఏకసభ్య సంఘాన్ని నియమించింది. ఆయన సర్వీసులో ఉండగా చేపలు, చక్కెర, జైళ్లు, దేవాలయ భూములు చూశారు. ఇన్ని చూసినవారికి ఆకాశం ఒక లెక్కా అని అందరూ అనుకున్నారు. ఆయన కూడా అనుకున్నారు.

మొదటి సాక్షి విమానం నడిపే కెప్టెన్ జెస్సీ. గుంటూరు పిల్ల, పన్నెండేళ్లుగా నడుపుతోంది. గాలి సంగతి చేతులూపుతూ, పిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

పద్మనాభంగారు కళ్లు మూసుకుని విన్నారు.

"సదరు గాలి వీచుచున్నట్లు మీరు ఎప్పుడైనా లిఖితపూర్వకముగా పై అధికారులకు తెలియజేసితిరా?"

"గాలి రోజూ వీస్తుంది కదండీ!"

"అనగా, ప్రతిదినము జరుగుచున్న నష్టమును ప్రతిదినము దాచితిరి. రైలునకు రానుపోను ఇంచుమించు ఒకే సమయము పట్టుచున్నదా, లేదా?"

"రైలు నేలమీద నడుస్తుందండీ."

"నేలమీద గాలి ఉండదా?"

జెస్సీ తలుపువైపు చూసింది. ఆమె నిరుత్తరురాలైనట్టు నమోదైంది.

తర్వాత త్రినాథరావు వంతు. గదిలో ఒక మూల దాలినాయుడు కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. పద్మనాభంగారు కళ్లజోడు పైనుంచి చూశారు.

"సమయపాలన విభాగము వారుగా మీ అభిప్రాయమేమి? ఇది గాలియేనా?"

కిటికీలోంచి గాలి వచ్చి త్రినాథరావు ముందున్న కాగితాలను కదిపింది. ఆయన వాటిమీద అరచెయ్యి ఆనించి పట్టుకున్నాడు.

"గాలి పాత్ర ఉండవచ్చునండి. ఉండకపోవడానికీ అవకాశం లేకపోలేదండి."

"సమతుల్యమైన సమాధానము," అన్నారు పద్మనాభంగారు.

నివేదిక మూడు సంపుటాలుగా వెలువడింది. వెళ్లే సమయాన్ని తగ్గించడం ప్రస్తుత పరిజ్ఞానంతో సాధ్యం కాదు కనుక, సమానత్వం కోసం వచ్చే సమయాన్ని పెంచాలన్నది దాని సారం. ఉత్తరువు రాసే పని త్రినాథరావుకే అప్పగించారు. ఆయన రెండు రోజులు తిండి సరిగ్గా తినకుండా ఆ వాక్యాన్ని చెక్కాడు.

'ఉభయ దిశలలో ఏ దిశయందైనను నమోదైన అత్యధిక ప్రయాణకాలమే ఇకపై ఉభయ దిశలకును కనిష్ఠ ప్రయాణకాలముగా పరిగణింపబడవలెను.'

అంటే, ఏ వైపు ఎక్కువ పడితే రెండో వైపూ అంతకు తగ్గకూడదు. ఎటు తిప్పినా సందు లేని వాక్యం. సచివాలయంలో పెద్దవాళ్లు దాన్ని రెండేసి సార్లు చదువుకుని మెచ్చుకున్నారు. త్రినాథరావు సంచాలకుడయ్యాడు. పైడితల్లి పరమాన్నం వండింది గానీ తాను రుచి చూడలేదు.

*

అమలు చెయ్యడం మొదట్లో తేలిగ్గానే కనిపించింది. ఢిల్లీ నుంచి రెండు గంటల్లో వచ్చేసిన విమానం మిగతా అరగంట ఊరిమీద గద్దలా తిరిగేది. నాలుగో రోజున కెప్టెన్ జెస్సీ త్రినాథరావు గదిలోకి వచ్చి టోపీ తీసి బల్లమీద పెట్టింది.

"ఊరికే తిరగడానికి ఇంధనం తగలెయ్యలేనండీ. ఏదో ఒకరోజు నిజంగానే కావలసి వస్తుంది, అప్పుడు ఉండదు. నేను దింపేస్తా. ఆ తర్వాత మీ ఇష్టం."

విషయం పద్మనాభంగారి దగ్గరకు వెళ్లింది. ఆయన అప్పటికి ప్రభుత్వానికి గగన సలహాదారు. అరపేజీలో తేల్చేశారు. విమానం దిగవచ్చు, తలుపు మాత్రం తెరవరాదు. నిర్ణీత సమయం పూర్తయ్యే వరకు విమానం నిలబడి ఉన్న చోటు 'పరిగణిత ఆకాశము'.

"అంటే దిగినట్టా, దిగనట్టా?" అని అడిగింది జెస్సీ.

"చక్రాలు దిగినట్టమ్మా. ప్రయాణం దిగనట్టు," అన్నాడు త్రినాథరావు. అప్పటికి ఆయనకి ఆ భాష పట్టుబడింది.

మొదటి రోజు పండగలా జరిగింది. దాలినాయుడు స్వయంగా ఢిల్లీ నుంచి వచ్చి, ఆగిన విమానంలో బెల్టు పెట్టుకుని అరగంట కూర్చుని, దిగగానే కళ్లు తుడుచుకున్నాడు. "ఈ అరగంట మన ఆత్మగౌరవం," అన్నాడు. బయట డప్పులు మోగాయి.

తర్వాత చిన్న చిన్న సవరణలు వచ్చాయి. ఆకాశంలో ఫోన్లు మాట్లాడకూడదు కనుక పరిగణిత ఆకాశంలోనూ మాట్లాడకూడదు. కంచె అవతల చుట్టాలు నిలబడి కిటికీలకేసి చేతులూపుతుంటే, 'ఆకాశమందున్న వారికి చేతులు ఊపరాదు' అని బోర్డు పెట్టారు. విమానం ఏ క్షణాన ఎక్కడున్నట్టో ధ్రువీకరించడానికి గగన తహసీల్దారు ఉద్యోగం ఒకటి సృష్టించారు. ఆయన కంచె పక్కన గొడుగు కింద కూర్చుని, ఎదురుగా వంద గజాల దూరంలో ఉన్న విమానాన్ని చూస్తూ, 'ప్రస్తుతము రాయపూరు మీదుగా' అని రాసుకునేవాడు. త్రినాథరావు వాటికింద సంతకం చేసేవాడు.

అంతటితో ఆగినా జనం సర్దుకునేవారు. సర్దుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. జనవరిలో ఢిల్లీకి మంచు పట్టింది.

ఆ రోజు సాగరవరం నుంచి వెళ్లిన విమానానికి ఢిల్లీలో నేల కనిపించలేదు. జెస్సీ చాలాసేపు తిరిగి, జైపూరులో దింపి, మంచు విడిచేదాకా అక్కడ కాచుకుని, మళ్లీ లేచి ఢిల్లీ చేరేసరికి మొత్తం తొమ్మిది గంటలయింది. ఆ తొమ్మిది గంటలు రికార్డులో ఎక్కాయి. మర్నాడు పొద్దున్న త్రినాథరావు తన ఉత్తరువును తానే మళ్లీ చదువుకున్నాడు. ఒక్కసారి తొమ్మిది గంటలు పట్టినా చాలు, ఇకపై రోజూ అదే కనిష్ఠం. సందు లేని వాక్యం రాసిన మొనగాడు తనే.

పరుగెత్తుకుంటూ పద్మనాభంగారి ఇంటికి వెళ్లాడు. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు.

"మంచుకి మినహాయింపు ఇద్దామండీ. ఒక్క చిన్న సవరణ."

"మంచు ఏమిటి?"

"ప్రకృతండీ."

"గాలి?"

త్రినాథరావు చేతిలోని ఉత్తరువు వైపు చూసుకున్నాడు.

"మంచును మినహాయించినచో గాలిని ఏల మినహాయించలేదని అడుగుదురు. గాలిని మినహాయించినచో నా నివేదిక ఏమగును? అరగంట ఏమగును? మీ పదోన్నతి ఏమగును?" పద్మనాభంగారు పేపరు మడతపెట్టారు. "సమానత్వము కష్టసాధ్యమయ్యా. రైలుకు ఒకటిన్నర రోజు. మీకింకను తొమ్మిది గంటలే కదా."

అలా అటూ తొమ్మిది గంటలు, ఇటూ తొమ్మిది గంటలు అయింది. రెండు గంటలు ఎగిరి, ఏడు గంటలు ఊరు కళ్లెదుట పెట్టుకుని కూర్చోవాలి. పెరుగన్నం పొట్లాలు రెండు పూటలకీ ఇచ్చేవారు. పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవారు. కిటికీలోంచి తమ ఇంటి డాబామీద ఆరేసిన బట్టలు కనిపిస్తున్నా, దిగే దారి లేక వానలో తడుస్తున్న ఆ బట్టలను చూస్తూ కూర్చున్న ఇల్లాలు ఒకావిడ ఉంది. నేరుగా ఢిల్లీకి వెళ్లే విమానం ఇంకోటి లేదు. పైగా ప్రభుత్వోద్యోగులూ వాళ్ల కుటుంబాలూ ఇందులోనే ప్రయాణించాలని ఉత్తరువు.

దాలినాయుడు మాత్రం పక్క జిల్లా దాకా కారులో వెళ్లి, అక్కడినుంచి వేరే కంపెనీ విమానం ఎక్కుతున్నాడు. అడిగితే, "ఉద్దిమం నడిపినోడు ఫలితం ఆశించకూడదు," అన్నాడు.

*

మాఘమాసంలో ఢిల్లీలో పైడితల్లి తమ్ముడు ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి పైడితల్లి ఒక్కత్తే వెళ్లింది. సంచాలకుడికి సెలవు దొరకలేదు.

తిరిగొచ్చే రోజున త్రినాథరావు మధ్యాహ్నమే విమానాశ్రయానికి వెళ్లాడు. విమానం దిగి గంటన్నర దాటింది. ఎండలో తెల్లగా మెరుస్తోంది. పైడితల్లి ఏ కిటికీ దగ్గర ఉందో అని వెతికాడు గానీ చెయ్యి ఊపలేదు. బోర్డు మీద సంతకం తనదే.

అంతలో రేడియో గదిలోంచి పిలుపొచ్చింది. కెప్టెన్ జెస్సీ గొంతు.

"సర్, పదకొండో వరసలో ఒకావిడకి ఛాతీలో నొప్పి. చెమటలు కారిపోతున్నాయి, ఎడమ చెయ్యి లాగేస్తోందంటున్నారు. మెట్ల బండి పంపండి, తలుపు తీస్తాను. ప్రమాదాలప్పుడు వాడే జారుడు పట్టామీద దింపే స్థితిలో లేరు. ఆలస్యం చెయ్యకండి."

"ఆవిడ పేరు?" అని అడిగాడు త్రినాథరావు. ఎందుకడిగాడో ఆయనకే తెలియదు.

"యాళ్ల పైడితల్లిగారు."

ఆయనకు కాళ్లకింద నేల ఉన్నట్టనిపించలేదు. పద్మనాభంగారికి ఫోను చేశాడు.

"అయ్యా, విమానంలో మా ఆవిడకి గుండెనొప్పండీ. తలుపు తీయించడానికి అనుమతి ఇవ్వండి."

"అయ్యో. విమానము ఎక్కడున్నది?"

"నా కళ్ల ముందే ఉందండీ."

"కళ్ల సంగతి కాదయ్యా. రికార్డు ప్రకారము ఎక్కడున్నది?"

త్రినాథరావు గొడుగు కింద కూర్చున్న గగన తహసీల్దారు వైపు చూశాడు. తహసీల్దారు పుస్తకం చూసి, లేచి నిలబడి, గౌరవంగా చెప్పాడు.

"జబల్పూరు మీదండి."

"జబల్పూరు మీదున్న విమానమునకు సాగరవరములో మెట్లు ఎట్లు వేయుదురు?" అన్నారు పద్మనాభంగారు. ఆయన గొంతులో నిజమైన జాలి ఉంది. "జబల్పూరులో అత్యవసరముగా దింపమని కోరుడు. మంచి వైద్య కళాశాల ఉన్నది. నేను అక్కడి కలెక్టరుకు ఉత్తరము వ్రాసెదను."

త్రినాథరావు ఫోను పెట్టేశాడు. ఆయన సర్వీసులో పై అధికారి మాట పూర్తికాకుండా ఫోను పెట్టడం అదే మొదలు.

మెట్ల బండి డ్రైవరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"బాబ్బాబు, ఆకాశానికి మెట్లేసినానని నా ఉద్యోగం తీసేత్తారండి."

"తాళం ఇలా పారెయ్. అక్కర్లేదు, తోద్దాం. ఎవడైనా రండ్రా!" అని కేకేశాడు త్రినాథరావు.

సామాన్లు మోసే కూలీలు నలుగురు వచ్చారు. కోటు విప్పి పారేసి సంచాలకుడు కూడా భుజం ఆనించాడు. బండి కీచుమని అరుస్తూ కదిలింది. తహసీల్దారు గొడుగు పట్టుకుని వెంటపడి, "అయ్యా, ముప్పైఅయిదు వేల అడుగులండి! అయ్యా, నేనేటి రాసుకోమంటారు?" అని అరుస్తున్నాడు. త్రినాథరావు మెట్లెక్కాడు, తలుపు తెరుచుకుంది. జెస్సీ, ఇంకో ప్రయాణికుడూ పైడితల్లిని చేతుల మీద దింపారు. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. మిగతా ప్రయాణికులు తెరిచిన తలుపులోంచి నేలకేసి చూశారు గానీ ఒక్కరూ దిగలేదు. అలవాటు అలాంటిది.

ఆసుపత్రిలో రక్తనాళానికి స్టెంటు వేశారు. ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు. త్రినాథరావు బయట బెంచీమీద కూర్చుని, అరగంట అనే మాటను చాలాసేపు నోట్లో తిప్పుకున్నాడు.

మర్నాడు పైడితల్లి కళ్లు తెరిచింది.

"ఏటండీ, నాను నేలమీదే ఉన్నానా?"

"నేలమీదే ఉన్నావు."

"మీ ఆఫీసోళ్లని ఒకపాలి కనుక్కుని సెప్పండి," అని మళ్లీ కళ్లు మూసుకుంది.

*

ఆఫీసువాళ్లు కనుక్కునే పనిలోనే ఉన్నారు. మూడో రోజున సస్పెన్షన్ ఉత్తరువుతో పాటు అభియోగాలు వచ్చాయి. జబల్పూరు గగనతలమందు, ముప్పైఅయిదు వేల అడుగుల ఎత్తున, నిండు ప్రయాణికులతో పోవుచున్న విమానము తలుపును తెరిపించుట. సదరు ఎత్తునకు టిక్కెట్టు గాని, పర్యటన అనుమతి గాని లేకుండా చేరుకొనుట. ఒక ప్రయాణికురాలిని మార్గమధ్యమున దించివేయుట.

విచారణాధికారి పద్మనాభంగారే.

"ఆ ఎత్తునకు ఎట్లు చేరుకొంటిరి?"

"మెట్లెక్కానండి."

"అన్ని మెట్లు?" పద్మనాభంగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. తర్వాత తహసీల్దారు పుస్తకాన్ని ముందుకు జరిపారు. ప్రతి పేజీ అడుగునా విమానం ఆకాశంలోనే ఉందని త్రినాథరావు సంతకం. ఒప్పుకుంటే ఆకాశంలో తలుపు తెరిచిన నేరం. కాదంటే ఇన్నాళ్లూ తప్పుడు సంతకాలు చేసిన నేరం. త్రినాథరావు రెండూ అనకుండా కూర్చున్నాడు. నేరం రుజువైనట్టు రాశారు.

కానీ ఆ నివేదికలో ఒక మాట దాలినాయుడి చెవిన పడింది. జబల్పూరు మీద పోతున్న విమానం తలుపు తీశారు, ఒక మనిషి దిగింది, మిగతావారెవరికీ ఏమీ కాలేదు! ఆయన శాసనసభలో లేచి నిలబడ్డాడు.

"అధ్యక్షా! ఇమానం దారిలో మనిసిని దింపొచ్చని రుజువైపోనాది. ఇంకెందుకు ఆలస్యం? ఝాన్సీలో, జబల్పూర్‌లో మనోళ్లు లేరా? పైనుంచి పోతా పోతా ఆగితే ఏటి పోయింది?"

ప్రభుత్వం వెంటనే స్పందించింది. మధ్యాకాశ హాల్టులు ప్రవేశపెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చే విమానం రికార్డు ప్రకారం ఝాన్సీ మీదికి రాగానే తహసీల్దారు గంట కొడతాడు, తలుపు తీస్తారు, ఝాన్సీ టిక్కెట్టు ఉన్నవాళ్లు దిగుతారు. అప్పటికి విమానం సాగరవరంలో దిగి అరగంటై ఉంటుంది.

జనానికి ఇది అర్థం కావడానికి ఒక్క రోజు పట్టింది. మర్నాటి నుంచి ఢిల్లీలో ఎవరూ సాగరవరానికి టిక్కెట్టు కొనలేదు. అందరూ ఝాన్సీకే కొన్నారు. ధర కూడా తక్కువ. ఝాన్సీ గంట కొట్టగానే విమానం మొత్తం ఖాళీ అయ్యేది. పెట్టెలు పట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, కంచె దాటి ఎవరి ఇళ్లకు వాళ్లు పోయేవారు. మిగతా ఆరున్నర గంటలు ఖాళీ విమానం జబల్పూరు మీదుగా, రాయపూరు మీదుగా, ఒక్క ప్రయాణికుడు లేకుండా ప్రయాణించేది.

మూడు నెలల లెక్కలు చూసి సచివాలయం ఉలిక్కిపడింది. ఢిల్లీ వెళ్లిన సాగరవరం వాళ్లలో ఒక్కరు కూడా తిరిగి రాలేదు! అందరూ ఝాన్సీలో దిగిపోతున్నారు. 'సాగరవర వాస్తవ్యులు ఝాన్సీ నగరమునకు మూకుమ్మడిగా వలస పోవుటకు గల కారణములు' తెలుసుకోవడానికి ఏకసభ్య సంఘం ఏర్పడింది. సభ్యుడు ఎవరో చెప్పనక్కర్లేదు.

*

సాక్షుల్లో పైడితల్లి పేరు ఉంది. తమ్ముడి ఇంటికి మళ్లీ వెళ్లి, ఝాన్సీ టిక్కెట్టుతోనే వచ్చింది. త్రినాథరావు ఆమెకు తోడుగా వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు. దాలినాయుడు ముందు వరసలో ఉన్నాడు.

"అమ్మా, మీరు ఝాన్సీలో దిగితిరి కదా. అక్కడ మీ నివాసమేమి?" అని మొదలుపెట్టారు పద్మనాభంగారు.

"నివాసమేటి బాబూ? దిగి ఇంటికి పోనాను."

"ఏ ఇంటికి?"

"మా ఇంటికే. రెల్లివీధి పక్కన, నీళ్ల ట్యాంకు ఎనకాల."

పద్మనాభంగారు ముందుకు వంగారు. "అది సాగరవరములో గదా ఉన్నది! ఝాన్సీ నుండి సాగరవరమునకు ఎట్లు చేరితిరి?"

"ఆటో ఎక్కినాను."

"ఎంతసేపు పట్టినది?"

"పావుగంట. రైలుగేటు కాడ ఆగిపోనాం గానీ లేకపోతే పది నిమిషాలే."

లేఖకుడి కలం ఆగింది. ఝాన్సీ నుంచి సాగరవరానికి ఆటోలో పావుగంట. అదే దూరానికి ప్రభుత్వ విమానానికి ఆరున్నర గంటలు పడుతోంది. దాలినాయుడు కుర్చీలోంచి సగం లేచాడు.

"అయితే ఇన్నాళ్లూ మనకి కావలసింది ఇమానమే కాదన్నమాట!"

త్రినాథరావు లేచి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు.

"అయ్యా, ఆ విమానం నేలమీద ఉందండి. మొదటి రోజు నుంచీ నేలమీదే ఉంది. నేను సంతకం పెట్టిందంతా అబద్ధం. ఆవిడ ఝాన్సీలో దిగలేదు. మన ఊళ్లోనే దిగింది. మనందరం మన ఊళ్లోనే దిగుతున్నాం."

పద్మనాభంగారి కళ్లలో కోపం లేదు. తప్పు తలుపు తట్టిన మనిషిని చూసినట్టు చూశారు.

"త్రినాథరావుగారూ, ఈ సంఘము విచారణ పరిధి వలస. నేల మా పరిధిలోనికి రాదు." లేఖకుడి వైపు తిరిగారు. "అది వ్రాయకుము. అమ్మా, ఆ ఆటో నంబరు ఏమైనా గుర్తున్నదా?"

బయటకొచ్చాక పైడితల్లి కొంగుతో ముఖం తుడుచుకుని భర్త వైపు చూసింది.

"రాసుకోలేదు కదేటి?"

"లేదు."

"పోన్లెండి. నాను ఇన్నాను," అని ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

సంఘం నివేదికను ప్రభుత్వం యథాతథంగా ఆమోదించింది. విమానాన్ని వేలం వేశారు. దాని స్థానంలో సాగరవరం - ఢిల్లీ అతివేగ ఆటో సర్వీసును దసరా మర్నాడు దాలినాయుడు జెండా ఊపి ప్రారంభించాడు. మొదటి ఆటోకి అరటి పిలకలు కట్టారు, గుమ్మడికాయ కొట్టారు. డ్రైవరుకి ఖాకీ చొక్కా బదులు తెల్ల యూనిఫారం, భుజాలమీద బంగారు పట్టీలు కుట్టించారు. లోపల ముగ్గురు ప్రభుత్వోద్యోగులు బెల్టులు పెట్టుకుని కూర్చున్నారు. గంటలో ఢిల్లీ చేరతారని పత్రికల్లో వేశారు.

ఊరి శివార్లలో టీ బడ్డీ దగ్గర ఆటో ఆపి, ఢిల్లీకి ఎటు పోవాలని ఆ డ్రైవరు అడిగాడట. బడ్డీవాడు నాలుగు వైపులా చూసి, ఏ వైపు వెళ్లినా ప్రభుత్వానికి అభ్యంతరం ఉండదన్నాడట.